పడవ మీద చెయ్యి పడేలోపు

నీలమ్మ అనుమతి రాక చచ్చిపోయింది. జబ్బు వచ్చిన మాట నిజమే, జబ్బులు ఎవరికి రావు. ఆ జబ్బుకి వైద్యం ఉంది, వైద్యం తెలిసిన డాక్టరు అదే ఆసుపత్రి మేడలో ఉన్నాడు, డాక్టరుకి డబ్బు కట్టే కార్డు ఉంది, కార్డు మీద నీలమ్మ ఫొటో ఉంది. అనుమతి ఒక్కటే లేదు. ఆమె మొగుడు కొండలు ఈ మాట మీద ఎవరితోనూ వాదించడు. ఆటుపోట్ల మీద ఎవరు వాదిస్తారు? ఛత్రపూర్‌లో జిల్లా ఆఫీసు వరండాలో ఇనుప బెంచీ మీద, ఉతికిన పంచె కట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి మీద పెట్టిన అర్జీకి విచారణ పదకొండున్నరకి. ఇప్పుడు పదిన్నర. పక్కన కూతురు తులసి ఒళ్ళో ఫైలు పెట్టుకుని, నాలుగో కాగితం తీసి చూడటం, మళ్ళీ లోపల పెట్టడం, మళ్ళీ తియ్యడం. బెంచీకి ఆ చివర ఆసుపత్రి తరఫు మనిషి హేమచంద్ర, తోలు సంచీ, నున్నగా గీసిన గడ్డం. ముగ్గురూ ఒకే బెంచీ మీద. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ వైపు చూడకూడదని కొండలు అనుకున్నాడు, చూశాడు.

బెంచీ కూడా అదే రకం. ఆసుపత్రిలో కార్డు కౌంటరు ముందు ఉన్నదీ ఇలాంటిదే, చిల్లుల చిల్లుల ఇనుము, కూర్చుంటే తొడల మీద అచ్చులు పడతాయి. అయిదేళ్ళ కిందట ప్రభుత్వం కార్డు ఇచ్చినప్పుడు నీలమ్మ దాన్ని ఎండు నెత్తళ్ళ డబ్బాలో అడుగున దాచింది, ఎలక ముట్టదు, దొంగ ముట్టడు అని. అందుకే కార్డు ఎక్కడ తీసినా ఎండుచేపల వాసన. మూడేళ్ళ కిందట కొండలుకి పేగు జారి గిలక జబ్బు వస్తే అదే కార్డు, అదే ఆసుపత్రి. పొద్దున్న చేరాడు, గంటలో అనుమతి వచ్చింది, మధ్యాహ్నానికి కోశారు, నాలుగో రోజు ఇంటికి పంపారు. పంపేటప్పుడు మాత్రలిచ్చారు, ఆటో ఖర్చు కూడా ఇచ్చారు. నీలమ్మ మూడు నెలలపాటు రేవులో అదే కబురు. "ఓలమ్మా, మావోడి పొట్ట కోసి, కుట్టి, అన్నం ఎట్టి మరీ పంపినారే! ఒక్క కానీ అడగనేదు!" అని. గంప దించిన ఆడది లేదు ఆ కబురు వినకుండా. తనకి కడుపులో నొప్పి లేచి కళ్ళు పచ్చబడ్డప్పుడు బరంపురంలో ఇంకే ఆసుపత్రీ వద్దంది, మనల్ని బాగుచేసినోళ్ళ దగ్గరికే పోదాం అంది. కార్డు చెడ్డదని కొండలు ఇవాళ్టికీ అనడు. అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆ కార్డు లేకపోతే ఏనాడో పేగు మెలిపడి తను ఇసకలో కలిసేవాడు, నీలమ్మ మిగిలేది. ఆ లెక్కన మిగలాల్సిన మనిషి మిగల్లేదు, అంతే.

అనుమతి అంటే ఏమిటో తులసి తర్వాత విడమర్చి చెప్పింది. తులసి అంగన్‌వాడీలో పని చేస్తుంది, ఒడియాలో పన్నెండు చదివింది, కంప్యూటరు కాగితాలు చదవగలదు. ఆసుపత్రి వాళ్ళు రోగం పేరు, చెయ్యబోయే పని, ఫొటోలు కంప్యూటరులో పంపుతారు. ఎక్కడో ఇంకో ఊళ్ళో ఒక డాక్టరు కూర్చుని, రోగిని చూడకుండా కాగితాలు చూసి సరే అంటాడు, లేదంటే ప్రశ్న వేస్తాడు. ఆయనెందుకు మధ్యలో అని కొండలు అడిగితే, లేకపోతే బాగున్న కడుపులు కూడా కోసేసి ప్రభుత్వం దగ్గర డబ్బు లాగేస్తారు అయ్యా అంది. అది కొండలుకి వెంటనే నచ్చింది. పైన నాలుగు మంచి కానాగంత చేపలు పెట్టి కింద మెత్తబడ్డవి ఐసులో దాచే వాళ్ళని నలభై ఏళ్ళుగా చూస్తున్నాడు, గంప అడుగుదాకా చెయ్యి పెట్టి చూసేవాడు ఒకడు ఉండాల్సిందే. కాబట్టి ఆ కనపడని డాక్టరు మీద కొండలుకి కోపం లేదు. నీలమ్మ పిత్తాశయంలో రాళ్ళు, ఒక రాయి జారి గొట్టానికి అడ్డం పడింది. గొట్టం తెరవడం ఒక పని, సంచి తియ్యడం ఇంకో పని. ఒకేరోజు రెండూ ఎందుకు అని ఆయన అడిగాడు. అడగాల్సిందే. ఆయన అడిగింది తొమ్మిదింబావుకి. ఆసుపత్రి వాళ్ళు జవాబు పంపింది ఒంటిగంటా యాభైకి. ఈ టైములన్నీ తులసి సమాచార హక్కు కింద అడిగి తెప్పించింది, నాలుగో కాగితంలో ఉన్నాయి. ఆ నాలుగున్నర గంటలు నీలమ్మ ఒక సెలైను సీసాతో చక్రాల కుర్చీలో వణుకుతూ పడి ఉంది. ఆ కాగితం కిందనే ఇంకో కాగితం, ఎర్ర సిరాతో గీత గీసినది: ప్రాణం మీదికి వస్తే ముందు వైద్యం, తర్వాత అనుమతి. ఆ నియమం ఆసుపత్రి గోడకీ అంటించి ఉంది. కౌంటరు తలుపు వెనక. పగలంతా ఆ తలుపు తెరిచే ఉంటుంది కనక దాని వెనకాల ఏముందో ఎవరికీ కనపడదు. తులసి తర్వాత వెళ్ళి తలుపు మూసి ఫొటో తీసుకొచ్చింది.

హేమచంద్ర ఖాళీలోకి జరిగాడు. ఒక మనిషి పట్టేంత ఖాళీలో ఆ మనిషి కూర్చోవడం కొండలుకి మెడ మీద ఈగ వాలినట్టుంది. "బాబాయ్, టీ తాగుదామా?" అన్నాడు. కొండలు వద్దన్నాడు. "ఎంత దూరం నించి వచ్చారు బాబాయ్, సోనేపూర్ నించా? మా సారు కూడా బాధపడ్డారు. మానవత్వంతో ఏదో ఒకటి చేద్దామంటున్నారు. కాగితం వెనక్కి తీసుకుంటే..." కొండలు అతని బూట్ల వైపు చూశాడు. "నాకేటీ వొద్దు. ఆ లైను కొట్టీండి." "ఏ లైను?" "ఆసుపత్రి పుస్తకంలో రాసినారు గదా. రోగి తరఫువాళ్ళు సొంత ఇష్టంతో ఎల్లిపోనారని. అది కొట్టీండి." హేమచంద్ర నవ్వలేదు గానీ నవ్వినంత పనీ చేశాడు. "సంతకం మీదే కదా బాబాయ్. కెమెరాలో కూడా ఉంది, పెన్‌డ్రైవ్ తెచ్చాను. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ తిట్టలేదు. పిన్నిని చక్రాల కుర్చీలో కూచోబెట్టి మీరే తోసుకుంటూ వెళ్ళారు. మరి అర్జీలో 'గెంటేశారు' అని రాశారేంటి?" తులసి అందుకుంది. "గెంటకపోతే మా అయ్య ఎందుకెల్తాడండీ, ఆ ఒంటిమీద ఆ జరంతోని? నీకు పెళ్ళాం నేదా?" "నాతో కాదమ్మా, లోపల చెప్పు." కొండలు కూతురి మోచేతి మీద వేలు పెట్టాడు. గెంటేశారని తులసి రాసింది. ఆ రోజు తులసి సోనేపూర్‌లో ఉంది, చూడలేదు. ఏటయింది అయ్యా అని అడిగితే, పెట్టుకోనేదు అన్నాడు. పెట్టుకోలేదు అంటే గెంటేశారని ఆ పిల్ల అనుకుంది, రాసింది, కొండలు అడ్డు చెప్పలేదు. పదకొండు నెలలయింది.

సంతకం. ఊరి బడిలో అయిదు దాకా చదివాడు, సంతకం అక్కడ నేర్చుకున్నదే, మూడు అక్షరాలు, చివరి లు కొమ్ము పక్కకి తిరిగి ఉంటుంది. తెలుగు మాస్టరు చింతబరిక ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పరా, కథలు చెప్పకు అనేవాడు. మీ నాన్న వేటకెళ్ళాడా? వెళ్ళాడండి. అంతే, గాలి ఎటుందో, తెప్ప మీద ఎవరున్నారో చెప్తే బరిక. అందుకే కొండలు జీవితమంతా ఒక్క మాట మనిషి అయ్యాడు. నీలమ్మకి అది చాలా కోపం. "ఈడి నోట్లోంచి మాట రావాలంటే గేలం ఎయ్యాలి" అని నలుగురిలో అనేది. బేరాల్లో మాత్రం ఆ గుణం కలిసొచ్చింది. సోనేపూర్ రేవులో ధర గురించి ఎవరూ గొంతు చించుకోరు. కొనేవాడు ఒక మాట అంటాడు. నచ్చకపోతే అమ్మేవాడు తడి గోనె తీసి గంప మీద కప్పుతాడు, వీపు తిప్పి పడవ వైపు నడుస్తాడు. వెనక్కి చూడకూడదు. చూస్తే పని అయిపోయినట్టే, సగానికి సగం పోతుంది. పడవ అంచు మీద అతని చెయ్యి పడేలోపు కొనేవాడు పిలవాలి. పిలుస్తాడు. ఎప్పుడూ పిలుస్తాడు. పిలవకుండా చెయ్యి పడనిస్తే ఆ కొనేవాడికి ఆ ఒడ్డు మీద మళ్ళీ ఎవరూ చేప చూపించరు. బరంపురం నించి వచ్చే వాళ్ళకీ, గోపాలపూర్ వాళ్ళకీ అందరికీ తెలుసు అది. కొండలు తాత అలాగే అమ్మాడు, తండ్రి అలాగే అమ్మాడు, కొండలు నలభై ఏళ్ళు అమ్మాడు, ఒక్కసారి కూడా చెయ్యి చెక్కని తాకలేదు. నీలమ్మ ఇంకా ఘనురాలు. బరంపురం బజారులో గంప నెత్తికెత్తుకుని నాలుగడుగులు వేసేది, అయిదో అడుక్కి "మవుసీ, ఓ మవుసీ" అని, పిన్నీ అని, పిలుపు రావాల్సిందే. ఇంటికొచ్చి ఆ అడుగులు వేసి చూపించి నవ్వేది, చేతులు గాల్లో గంప పట్టుకున్నట్టు పెట్టి, నడుం కొంచెం ఎక్కువ ఊపి. ముసలిదానివి అయినావే అంటే, అడుగులు ముసలివా అనేది.

ఆ రోజు కౌంటరులో కూర్చున్న పిల్ల పేరు రింకి. మెడలో తాడుకి వేలాడే ఫొటో బిళ్ళ మీద రాసుంది. పొద్దున్న ఏడింటికి నీలమ్మతో చేరాడు, రెండు దాటింది. "అప్రూవల్ ఆసి నాహి, మవుసా" అంది, రాలేదు బాబాయ్ అని, పొద్దుట్నించి అదే మాట, ప్రతిసారీ అదే గొంతు. అప్పుడు వెనకనించి ఎవరో ఆమెకి ఏదో చెప్పారు. ఆమె తల ఎత్తి, డబ్బు కడితే ఇప్పుడే మొదలెడతారు మవుసా, అనుమతి వచ్చాక సర్దుతారు, లేకపోతే ఇంకా ఎంతసేపో తెలీదు అంది. కొండలుకి అది వినగానే ఒళ్ళు తేలికయింది. ఏడు గంటలూ ఈ మేడలో తనకి ఏదీ అర్థం కాలేదు, ఇది అర్థమయింది. ఇది బేరం. వాళ్ళ మొదటి మాట ఇది. చక్రాల కుర్చీలో నీలమ్మ కూడా తల తిప్పింది, పసుపు కళ్ళలో పాత వెలుగు, బజారు వెలుగు. ఏడింటి నించి మూలుగు తప్ప మాట లేని మనిషి. కొండలు "అయితే ఎల్లిపోతాం" అన్నాడు. ఆ మాట అన్నాడో లేదో సొరుగులోంచి కాగితం వచ్చింది. ఉండటానికి ఏడు గంటలు చూసినా రాని కాగితం, పోవడానికి నిమిషం పట్టలేదు. దానికి ఏ ఊరి డాక్టరూ సరే అనక్కర్లేదు. సంతకం పెట్టాడు. గోనె కప్పడం ఇదే అనుకున్నాడు. కుర్చీ తిప్పాడు. కౌంటరు నించి గేటు దాకా నున్నటి నేల, చక్రం ఒకటి కీచుమంటోంది. మెల్లిగా నడిచాడు, పిలవడానికి వాళ్ళకి వ్యవధి ఉండాలి కదా. సగం దూరంలో మెడ దానంతటదే తిరగబోయింది. నీలమ్మకి ఎలా తెలిసిందో, ముందుకే చూస్తూ, పళ్ళు కొట్టుకుంటుండగా, అంది. "ఎనక్కి సూడకు. పిలుత్తారు."

చూడలేదు. గేటు. ఆటో. ఆటో కమ్మీ మీద చెయ్యి పడింది. కమ్మీ ఎండకి కాలుతోంది. ఎవరూ పిలవలేదు. అప్పుడు తిరిగి వెళ్ళొచ్చు. వెళ్ళాలి. పదకొండు నెలలుగా కొండలు రోజూ తిరిగి వెళ్తూనే ఉన్నాడు, కుర్చీ తిప్పి, నున్నటి నేల మీదుగా, కౌంటరు దాకా. ఆ రోజు మాత్రం తిరగలేదు. నలభై ఏళ్ళలో చెయ్యి పడ్డాక తిరిగినవాడు ఒకడు లేడు, ఎలా తిరగాలో కాళ్ళకి తెలియదు. పెద్దాసుపత్రికి పోనీమన్నాడు. ఆటోలో నీలమ్మ తల అతని భుజం మీద, జొరం చొక్కాలోంచి కాలుతోంది, కళ్ళు అతని జేబు వైపు, ఫోను వైపు. "మోగిందా?" "నేదు." రైలు గేటు దగ్గర ఆగారు. "మోగిందేటి?" "నేదే." గేటు లేచింది. మూడోసారి అడగలేదు, చెయ్యి తెచ్చి ఫోను మీద పెట్టింది, మోగితే వణుకు తెలుస్తుందని. పెద్దాసుపత్రిలో వాళ్ళు ఏ కాగితమూ అడక్కుండా లోపలికి తీసుకెళ్ళారు, చేతనైనంతా చేశారు. విషం రక్తంలోకి పాకిపోయింది, కొన్ని గంటల ముందు ఆ గొట్టం తెరిచి ఉంటే అన్నారు. రెండో రోజు పొద్దున్న పోయింది. నాలుగో కాగితం చివరి లైనులో ఉంది: అనుమతి రెండు గంటలా ముప్ఫై అయిదు నిమిషాలకి. కొండలు సంతకం కింద టైము రెండూ పది. పాతిక నిమిషాలు. రైలు గేటు దగ్గర ఉండుంటారు.

"కొండలు, సోనేపూర్" అని లోపల్నించి పిలిచారు. పిలుపు అంటే ఇంత సులువు. లేచాడు. పెద్ద బల్ల, అవతల నలుగురు, నడుమ అధికారి సస్మిత మేడం, నెరిసిన జడ, ముక్కు చివర కళ్ళద్దాలు. పెన్‌డ్రైవ్ పెట్టారు. గోడ మీది తెరలో కొండలు కొండలుని చూశాడు, నీలమ్మ తల వెనక భాగం చూశాడు, ముడిలో నలిగిన కనకాంబరాలు. తులసి తెర నించి తండ్రి వైపు తిరిగింది. గెంటేవాడు ఎవడూ లేడు తెరలో. మేడం ఒడియాలో అడిగింది. సంతకం నీదేనా? నాదే. నీ ఇష్టంతోనే వెళ్ళిపోయావా, అవునా కాదా? మాస్టరు బరిక గాల్లో లేచింది. ఒక్క మాట చెప్పాలి. అవును అంటే ఆ లైను నిలుస్తుంది, కాదు అంటే తెర అబద్ధమంటుంది. కొండలు బల్ల మీద చెయ్యి పెట్టాడు. ఒడియాలో మొదలెట్టాడు, మధ్యలో తెలుగులో పడ్డాడు, మళ్ళీ ఒడియా, మేడం ఆపలేదు. గెంటలేదు, అర్జీలో తప్పు పడింది, నా కూతురిది కాదు నాదే అన్నాడు. మా ఒడ్డు మీద ఇలా ఉంటుంది అన్నాడు. గోనె, నడక, చెయ్యి, అన్నీ చెప్పాడు. నీలమ్మ అన్న మాట చెప్పాడు, అది అన్నట్టే, అది ఎటు చూస్తూ అందో కూడా. జీవితంలో అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ మాట్లాడలేదు. హేమచంద్ర "మేడం, ఆయనే ఒప్పుకున్నారు కదా, స్వయంగా..." అన్నాడు. మేడం అతని వైపు చూడకుండా కొండలునే అడిగింది. మీ ఒడ్డున కొనేవాడు పిలవకపోతే? "ఆడు కొనేవోడు కాడమ్మా. ఆడికింక సేప సూపించం."

మేడం కళ్ళద్దాలు పైకి తోసుకుంది. నాలుగో కాగితం తీసుకుంది. "హేమచంద్ర బాబూ, మీకు ప్రశ్న వచ్చింది తొమ్మిదింబావుకి. ఒంటిగంటా యాభై దాకా జవాబు ఎవరు ఆపారు? పసుపు కళ్ళు, చలిజ్వరం, అది అత్యవసరం కాదని రాసిన డాక్టరు ఎవరు? డబ్బు కట్టమని కార్డు మనిషిని అడగమన్నది ఎవరు? సరే, ఇవన్నీ పక్కన పెట్టండి. రెండూ ముప్ఫై అయిదుకి అనుమతి వచ్చింది. ఫారం మీద ఈయన ఫోను నంబరు ఉంది. ఎవరు ఫోను చేశారు?" హేమచంద్ర సంచీలో కాగితాలు తిప్పాడు. తిప్పాడు. కొండలు ఆ కాగితాల చప్పుడుని చెవులారా విన్నాడు. దాహం తీరినట్టేమీ లేదు, కానీ విన్నాడు. మేడం అసలు పుస్తకం తెప్పించి, ఆ లైను మీద అడ్డంగా గీత కొట్టి, కింద ఒడియాలో రాసి, రాసింది పైకి చదివింది: అత్యవసర చికిత్స నిరాకరించబడినది; అనుమతి వచ్చిన సంగతి కుటుంబానికి తెలియజేయలేదు. కార్డు చెల్లే జాబితాలోంచి ఆసుపత్రిని తీసేసే విషయం పైకి రాస్తామంది, అది తేలేదాకా కొత్త కార్డు రోగులని చేర్చుకోకూడదంది, ఆ నియమం గోడకి తలుపు వెనక కాకుండా కౌంటరు నెత్తి మీద ఉండాలంది. హేమచంద్ర బయటికొచ్చి, "మీ ఊరివాళ్ళే ఇబ్బంది పడతారు బాబాయ్, ఇప్పుడెక్కడికి వెళ్తారు?" అన్నాడు. "పిలిసినోళ్ళ దగ్గరికి" అన్నాడు కొండలు. ఆ మనిషి చెయ్యి చాపాడు. కొండలు పట్టుకోలేదు.

బస్సు స్టాండు దాకా తులసి ఫైలు ఛాతీకి హత్తుకుని నడిచింది. అక్కడ నీడలో నిలబడ్డాక అడిగింది, తండ్రి మొహం వైపు చూడకుండా. "అయ్యా, అమ్మ నిజింగా ఆ మాటందేటి? నవ్వుతా అందా?" కొండలు బరంపురం బస్సు వచ్చే వైపు చూస్తున్నాడు. కార్డు జేబులో ఉంది, వాసనతో సహా, రేపు తులసి బిడ్డకి చెవి చూపించాలి, వేరే ఆసుపత్రికి, ముందు అక్కడి తలుపు వెనక్కి తొంగి చూడాలి. ఆసుపత్రిని క్షమించలేదు, ఆ మేడం ఇంకో నాలుగు గీతలు కొట్టినా క్షమించడు. ఆటో కమ్మీ మీద పడ్డ చేతిని కూడా క్షమించలేదు. ఆ చెయ్యే ఇప్పుడు పైకి లేచి బస్సుని ఆపింది. "అడగాల్సినోళ్ళు అడిగినారు, సెప్పినాను, రాసుకున్నారు" అన్నాడు. "నువ్వు అడక్కు. ఊరు అడిగినా, నీ బిడ్డ పెద్దదయ్యి అడిగినా, ఇంక నా నోట ఆ మాట రాదు." బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట రాలేదు.